పొటాష్ సంచి సంబరంలోకి రానివ్వకండి
ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల అమ్మవారి సంబరాల కమిటీలకు బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకు, చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్లకు నమస్కారం.

మొన్న ఆదివారం మా వీధి పిల్లలు చందాకి వచ్చారు. ఇచ్చాను. రసీదు రాస్తున్నంతలో పుస్తకం వెనక పేజీ నా కంటపడింది. ఖర్చుల చిట్టా అది. పందిరి, మైకుసెట్టు, తప్పెటగుళ్ల వాళ్లకి బయానా, పూలు, తారాజువ్వలు, ఔట్లు. ఆ కింద "ఉల్లిపాయ బాంబులు - 2 బస్తాలు" అని ఉంది. దాని పక్కనే ఎవరో పెన్సిల్‌తో "పొటాష్ మనవాడు తెస్తాడు" అని రాసుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకి పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. పదిమందికీ తెలిసిన మాటలో చెప్పడం ఇక్కడి మేస్టర్లకి ఆయన పెట్టిన అలవాటు. అలాగే చెబుతాను. అమ్మవారి పండగ చెయ్యొద్దని గానీ, మందుగుండు అసలు వద్దని గానీ నేను అనడం లేదు. నా గొడవంతా ఆ పెన్సిల్ రాత గురించి.

ముందు ఆ పేరు సంగతి. ఎరువుల కొట్లో అడిగితే ఇచ్చే పొటాష్ వేరు. అది పొటాషియం క్లోరైడ్. పొలంలో చల్లుతాం, దానితో ఏ ప్రమాదమూ లేదు. మందుగుండు చేసేవాళ్లు పొటాష్ అనేది పొటాషియం క్లోరేట్‌ని. రాతలో తేడా ఒకటి రెండు అక్షరాలు. వస్తువులో తేడా మూడు ఆక్సిజన్ పరమాణువులు. క్లోరైడ్‌లో ఆక్సిజన్ లేదు. క్లోరేట్‌లో ప్రతి క్లోరిన్‌కీ మూడు ఆక్సిజన్లు అంటుకుని ఉంటాయి. అవి గట్టిగా కూర్చున్నవి కావు, ఎప్పుడు విడిపోదామా అన్నట్టు ఉంటాయి. కిలో పొటాషియం క్లోరేట్‌లో 390 గ్రాములకి పైగా ఆక్సిజనే ఉంటుంది. దాన్నంతా గ్యాసుగా బయటికి తీస్తే దాదాపు 270 లీటర్లు. నీళ్లు పట్టుకునే పెద్ద నీలం డ్రమ్ము నిండిపోయి ఇంకా మిగులుతుంది. అంత గాలిని చిన్న పొట్లంలో పట్టే తెల్ల పొడిలో కుక్కి పెట్టినట్టన్న మాట.

మామూలు మంట మీద ఇసక పోస్తే, గోనెపట్టా కప్పితే ఆరిపోతుంది. గాలి ఆడదు గనక. క్లోరేట్ కలిసిన మంటకి బయటి గాలితో పనిలేదు. దాని ఊపిరి దాని దగ్గరే ఉంది. మీరు ఎంత కప్పినా లోపల కాలుతూనే ఉంటుంది. దూరం నుంచి ధారాళంగా నీళ్లు కొట్టడం ఒక్కటే దానికి మందు. ఆ పని కూడా ఫైరింజన్ వాళ్లది, మనది కాదు. మనం చెయ్యాల్సింది పిల్లల్ని తీసుకుని దూరంగా పరుగెత్తడం.

ఈ పొడి ఎలాంటిదో నాకు పుస్తకంలో తెలిసింది ఒక ఎత్తు, కళ్లతో చూసింది ఒక ఎత్తు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆక్సిజన్ తయారీ పాఠం ఇలాగే చెప్పేవాళ్లం: పరీక్షనాళికలో పొటాషియం క్లోరేట్, కొంచెం మాంగనీస్ డయాక్సైడ్, కింద స్పిరిట్ దీపం. మాంగనీస్ డయాక్సైడ్ నల్లటి పొడి. బొగ్గుపొడి కూడా నల్లగానే ఉంటుంది. ఆ రోజు సీసా మీద చీటీ ఊడిపోయి ఉంది. నేను అడగలేదు, సరిచూడలేదు. దీపం మీద పెట్టిన కాసేపటికి నాళిక పగిలి గాజు ముక్కలు నల్లబోర్డు దాకా ఎగిరాయి. ముందు బెంచీ పిల్లలు ఆ రోజు ఏదో పోటీకి వెళ్లి క్లాసులో లేరు. ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. క్లోరేట్‌కి కాలే వస్తువేదైనా తోడైతే చాలు, అది మనం చెప్పే పాఠం వినదు. తప్పు నాదే. ఆ తర్వాత నా సర్వీసులో ఆ ప్రయోగం పిల్లల ముందు మళ్లీ చెయ్యలేదు.

బొగ్గుపొడి విషయంలో దీపం వేడి అయినా కావలసి వచ్చింది. గంధకం విషయంలో అదీ అక్కర్లేదు. మీరు అందరూ గుర్తుపెట్టుకోవాలని నేను కోరేది ఈ ముక్కే. పాతకాలం మందుగుండులో సూరేకారం, గంధకం, బొగ్గు వాడేవారు. అదీ ప్రమాదమే గానీ దానికి నిప్పు తగలాలి. సూరేకారం చోట పొటాష్ వచ్చి గంధకం పక్కన కూర్చుందంటే నిప్పుతో పనే లేదు. రాపిడి చాలు. దెబ్బ చాలు. ఉల్లిపాయ బాంబుని నేలకేసి కొడితే పేలుతుంది, అదే దాని సరదా అంటారు కుర్రాళ్లు. నేలకేసి కొడితే పేలేది సంచి కిందపడితే పేలదా? ఆటో గోతిలో పడితే పేలదా?

2024 దీపావళి రోజు, అక్టోబర్ 31న, ఏలూరులో జరిగింది మీరంతా టీవీలో చూసే ఉంటారు. ఇద్దరు స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబుల సంచి తీసుకెళ్తున్నారు. రోడ్డు మీద గొయ్యి వచ్చింది. సంచి జారింది. ఒక మనిషి అక్కడికక్కడే పోయాడు, మరికొందరు గాయపడ్డారు. వాళ్లలో దారిన నిలబడి ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. మన పాతపట్నం రోడ్డు, కాశీనగర్ రోడ్డు వానాకాలం తర్వాత ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. చిట్టాలో రాసిన ఆ రెండు బస్తాలూ ఆ రోడ్ల మీదుగానే రావాలి.

మా శిష్యుడు ఒకడున్నాడు. పేరు రాయను. ఇంటర్లో నా దగ్గర చదివాడు, మంచి చెయ్యి, బొమ్మలు బాగా గీసేవాడు. నాలుగేళ్ల కిందట టీకొట్టు దగ్గర కనబడి "నమస్తే మేస్టారూ" అని లేచాడు. టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. కాసేపు మాట్లాడాక తనే తీసి చూపించాడు. బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి. పండగకి ఇనప గొట్టంలో పొటాష్ మందు కూరి, మేకు పెట్టి కొట్టి చప్పుడు చేస్తారే, ఆ గొట్టం. "కొట్టనే లేదు మేస్టారూ, మేకు వంకరగా ఉంటే సరిచేస్తున్నాను" అన్నాడు. అదే మాట రెండుసార్లు అన్నాడు, నేను నమ్మననుకున్నాడేమో. నేను నమ్మాను. ఆ మందుకి మేకు రాపిడి చాలా ఎక్కువ. ఆ తరవాత వాడు ఎడంచేత్తో రాయడం నేర్చుకుని ఇప్పుడు ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. బొమ్మలు మాత్రం మానేశాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ మందు ఎవరూ ముట్టుకోకపోయినా పేలగలదు. గంధకం పొడి గాలిలోని తేమ తగిలి నెమ్మదిగా కాస్త ఆమ్లం తయారుచేసుకుంటుంది. ఆ ఆమ్లం క్లోరేట్‌ని తాకితే క్లోరిన్ డయాక్సైడ్ అనే గ్యాసు పుడుతుంది. అది తనంతట తానే పేలే గుణం ఉన్న గ్యాసు. లోపల వేడి పుట్టి, ఏ అర్ధరాత్రో అటక మీద ఉన్న సంచి అంటుకుంటుంది. మన మహేంద్రతనయ ఒడ్డున వానాకాలంలో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. ఆ చెమ్మే ఆ సంచికీ తగులుతుంది. "పోయినేడాది మిగిలింది, అటక మీద పెట్టాం, ఏం కాలేదు" అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఏడాదిపాటు వాళ్ల పిల్లలు దాని కింద పడుకున్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. బ్రిటన్‌లో క్లోరేట్‌నీ గంధకాన్నీ కలిపిన మందుని 1894లోనే నిషేధించారు. మన దేశంలో ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు 1992 జనవరి 27 నాటిది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది: ఏ క్లోరేట్‌తోనైనా గంధకం కలిసిన పేలుడు మందుని తయారు చెయ్యకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, దిగుమతి చేసుకోకూడదు. దగ్గర ఉంచుకోవడం కూడా అన్న మాట గమనించండి. చేసినవాడే కాదు, గుడి వెనక గదిలో దాచినవాడూ దోషే. మినహాయింపులు కొద్దిపాటివి. అగ్గిపుల్లల తలలకీ, పిల్లల బొమ్మ తుపాకుల్లో వాడే కాగితపు చుక్కలకీ, శాస్త్ర పరిశోధనకి వాడే కొద్ది మోతాదుకీ ఇచ్చారు.

అగ్గిపెట్టె మాట వచ్చింది గనక ఒక్క నిమిషం. పుల్ల తలలో ఉన్నది ఈ పొటాషియం క్లోరేటే. పెట్టె పక్కన ఎర్రగా గరుగ్గా ఉండే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. ఈ రెంటినీ విడివిడిగా ఉంచాలన్న ఆలోచన రావడానికి ఐరోపాలో ఎంతోమంది ఇళ్లు కాల్చుకోవలసి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్వీడన్ వాళ్లు విడదీశారు. అప్పట్నించి అది సేఫ్టీ అగ్గిపెట్టె అయింది. మీ జేబులో ఉన్న పెట్టెని ఒకసారి తీసి చూడండి. పుల్లకీ పట్టీకీ మధ్య ఉన్న ఆ సన్నటి అట్ట ముక్కే మనకి కాపలా. ఉల్లిపాయ బాంబులో ఆ అట్ట ముక్క లేదు.

క్లోరేట్ చెడ్డ వస్తువు అని నేను అనను. దాని చోట అది ఉంటే మనకి పనికొస్తుంది. కాగితం గుజ్జుని తెల్లబరచడానికి మిల్లులు క్లోరిన్ డయాక్సైడ్ వాడతాయి. దాన్ని సోడియం క్లోరేట్ నుంచి అప్పటికప్పుడు మిల్లులోనే తయారు చేసుకుంటారు. రవాణా చెయ్యడానికి వీల్లేని గ్యాసు గనక. రాయగడ దగ్గర జేకేపూర్ మిల్లు చుట్టూ బతికే మన కుటుంబాల్లో చాలామందికి కాగితం మిల్లు పనంటే ఏమిటో తెలుసు. అలాంటి చోట్ల ఈ రసాయనం ఉన్న గదిలోకి చెక్క పెట్టెలు, గోనె సంచులు, నూనె గుడ్డలు రానివ్వరు. ఒంటి మీద పడితే బట్టలు తడి ఆరకముందే మార్చేసుకోవాలి. ఆరిన తర్వాత ఆ చొక్కాయే పేలుడు సరుకు అవుతుంది. 1930ల్లో న్యూజిలాండ్ రైతులు కలుపు చావడానికి సోడియం క్లోరేట్ చల్లి, ఆ ప్యాంట్లని పొయ్యి దగ్గర ఆరబెడితే అవి భగ్గుమన్నాయి. కొందరికి ఒంటి మీదే అంటుకున్నాయి.

జాగ్రత్త తెలిసినవాళ్ల చేతిలో కూడా ఒక్క పొరపాటుకి ఎంత జరుగుతుందో చెప్పడానికి ఒక్కటి చాలు. విమానాల్లో అత్యవసరానికి ఆక్సిజన్ ఇచ్చే డబ్బాల్లో సోడియం క్లోరేట్ ఉంటుంది. 1996 మే 11న అమెరికాలో, గడువు తీరిన అలాంటి డబ్బాలని సరిగ్గా మూత పెట్టకుండా వేల్యూజెట్ విమానం సామాను అరలో వేసి పంపారు. దారిలో మంట లేచింది. లోపల ఉన్న 110 మందీ పోయారు. ఇంజనీర్లు, చెక్‌లిస్టులు, శిక్షణ అన్నీ ఉన్నచోట అది జరిగింది. మన పెరట్లో రోకలితో నూరే కుర్రాడికి ఏముంది రక్షణ?

ఈ పొడి ఒంట్లోకి వెళ్లినా ప్రమాదమే. రక్తంలో ఆక్సిజన్ మోసే గుణాన్ని పోగొడుతుంది. పెదాలు నీలంగా మారతాయి, రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉప్పులా, పంచదారలా కనబడే పొడి ఇది. వంట గదిలో పొట్లం కట్టి పెట్టేవాళ్లున్నారని విన్నాను. దయచేసి ఆ ఇళ్లలో ఇవాళే చూసుకోండి.

పండగ అయ్యాక మిగిలిన సరుకు ఎక్కడికి పోతుందో కూడా మీకు తెలుసు. కొండ కింద ఊళ్లలో అడవి పందుల కోసం పెట్టే నాటు బాంబుల్లోకి. మా తోడల్లుడి ఆవు ఒకటి, మేతకి వెళ్లి సాయంత్రం దవడ లేకుండా ఇంటికొచ్చింది. కొట్టం గుమ్మం దగ్గర నిలబడి, రోజూ లాగే కుడితి తొట్టిలో మూతి పెట్టబోయింది. తాగడానికి నోరే మిగల్లేదు. మూడో రోజుకి చచ్చిపోయింది. 2020 మే నెలలో కేరళలో చూలు ఏనుగు పేలుడు మందు పెట్టిన తిండి కొరికి, నదిలో నిలబడి ప్రాణం వదిలిందని దేశమంతా ఏడ్చింది. మన కొండల్లోనూ ఏనుగులు తిరుగుతున్నాయి. ఆవుల్ని తోలుకెళ్లే పిల్లలూ తిరుగుతున్నారు.

మీలో కొందరు నన్ను అడిగిన మాట: "మనం కొనకపోతే పక్క ఊరు కొంటుంది మేస్టారూ, మన పండగ చిన్నబోతుంది." నిజమే, చప్పుడు తగ్గుతుంది. కానీ పండగ తగ్గదు. తప్పెటగుళ్ల వాళ్లు చెమటోడ్చి ఆడుతుంటే, ఆ పక్కన ఔటు పేలితే పాట వినబడక ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రెండు బస్తాల డబ్బు పెడితే ఇంకో బృందాన్ని పిలవొచ్చు. ఇంకో మాట కూడా ఉంది. ఈ సరుకు చేసేది మన బీద కుటుంబాలే. లైసెన్సు లేని షెడ్లో, ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని చుడతారు. మనం ఇచ్చే బయానాతోనే వాళ్లు పొటాష్ కొంటారు. ఏదైనా జరిగితే చచ్చేదీ వాళ్లే, కేసు పడేదీ వాళ్ల మీదే. చందా రసీదు మీద మాత్రం మన కమిటీ పేరు ఉంటుంది. 2024 మే నెల ఆఖర్లో పూరీ చందన యాత్రలో నరేంద్ర పుష్కరిణి గట్టు మీద బాణసంచా కుప్ప అంటుకుని పదిమందికి పైగా భక్తులు పోయారు. దేవుడి పని మీద వచ్చినవాళ్లు వాళ్లు.

అందుకని ఈ ఏడాది నుంచి మీ కమిటీలన్నీ కొన్ని పనులు చెయ్యాలని కోరుతున్నాను. చిట్టాలోంచి ఉల్లిపాయ బాంబులు, పొటాష్ కొట్టేయండి. తారాజువ్వలు, మతాబులు కావాలంటే లైసెన్సు ఉన్న దుకాణంలోనే, కంపెనీ పేరు ముద్రించిన పెట్టెల్లోనే కొనండి, బిల్లు తీసుకోండి. విడి సరుకు, గోనె సంచిలో వచ్చేది, కాగితం పొట్లంలో వచ్చేది ఎంత చవకైనా వద్దు. బస్సులోనూ, గుణుపూర్ ప్యాసింజర్‌లోనూ మందుగుండు తేవద్దు, అది నేరం. కొన్న సరుకు గుడి లోపల గానీ, పందిరి కింద గానీ, జనరేటర్ పక్కన గానీ పెట్టొద్దు.

ఇప్పటికే ఇంట్లో ఆ మందు ఉన్నవాళ్లకి మరీ మరీ చెబుతున్నాను. దాన్ని కదపకండి. డబ్బా మూత తిప్పకండి, ఆ తిప్పుడు రాపిడే చాలు. చీపురుతో ఊడవకండి, పెరట్లో పోసి కాల్చేద్దాం అనుకోకండి. ఇంట్లో వాళ్లని బయటికి తెచ్చి 112కి గానీ, ఫైర్ వాళ్లకి 101కి గానీ ఫోన్ చెయ్యండి. కేసు అవుతుందని భయమైతే నాకు చెప్పండి, నేను తోడు వస్తాను. స్టేషన్లో మాట్లాడే బాధ్యత నాది. ఎవరికైనా కాలితే మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పొయ్యండి. పేస్టు, సిరా, పసుపు పుయ్యొద్దు. 108 పిలవండి. పెద్ద గాయాలైతే బరంపురానికో, విశాఖకో వెళ్లక తప్పదు. ఆ దారిలో గంటలు గడిచేకొద్దీ ఎంత టెన్షనో తీసుకెళ్లినవాళ్లకే తెలుసు.

హైస్కూలు సైన్సు మేస్టర్లకి కూడా ఒక విన్నపం. మీ లేబొరేటరీ బీరువాలో పాత పొటాషియం క్లోరేట్ సీసా ఉందేమో చూడండి. గంధకం, భాస్వరం, ఆమ్లాలు, లోహపు పొడులు ఉన్న అరలో అది ఉండకూడదు. చీటీ లేని సీసాని ఎవరూ తెరవొద్దు. బీరువా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లలు "పొటాష్ కొంచెం ఇవ్వండి సార్" అని అడుగుతారు. నన్నూ అడిగారు.

వచ్చే ఆదివారం సాయంత్రం కోటవీధి కమిటీ సమావేశం ఉందని మా వీధి పిల్లలే చెప్పారు. నన్ను పిలిచినా పిలవకపోయినా వస్తాను. అరగంట ఇస్తే ఈ సంగతులన్నీ కుర్రాళ్లకి ఎదురుగా కూర్చుని చెబుతాను, ఎన్ని ప్రశ్నలడిగినా జవాబిస్తాను. మా శిష్యుణ్ణి కూడా అడిగాను. కాసేపు ఆలోచించి, వస్తానన్నాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకోకుండా కూర్చుంటానన్నాడు.

ఇట్లు,
మీ కెమిస్ట్రీ మేస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా